నిమ్మకాయ పిండిన బండ

ఒక సుత్తి, నాలుగు నిమ్మకాయలు ఒకే సంచిలో వేసుకుని మా సీమలో ఏ పల్లెలోకైనా నడిచి పోయి చూడండి. మీ ఊరేది, పేరేది అని ఎవరూ అడగరు. నిధి ఎక్కడుందని అడుగుతారు. పాడుబడిన గుడిలో నంది కింద తవ్వినవాళ్ళు, కోటగోడ పక్కన గుంత తీసినవాళ్ళు ఆ గుంత ఒడ్డున వదిలిపోయేవి కోసిన నిమ్మకాయలే మరి. పెనుకొండ చుట్టుపక్కల అలాంటి గుంతలు చూడకుండా పెరిగిన మనిషి ఉండడు. ఆ సంగతి నాకు తెలియక కాదు. ఎండలో నీళ్ళలోకి పిండుకుని తాగడానికీ పనికొస్తుంది, సున్నపురాయి అవునో కాదో పిండి చూడడానికీ పనికొస్తుంది అని నిమ్మకాయ తీసుకుపోయేదాన్ని. బడిలో యాసిడ్ సీసా ఉంది, నిజమే. అది ఒకసారి సంచిలో కారి నా చీర కుచ్చిళ్ళు తినేసింది. అప్పటి నుంచి నిమ్మకాయే.

తొంభైల్లో ధర్మవరంలో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా పనిచేసేదాన్ని. కాపురం పెనుకొండలో. మా ఆయన హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టులో గుమాస్తా. పొద్దున్నే ఆయన ఒక రైలెక్కి దక్షిణానికి, నేను ఇంకో రైలెక్కి ఉత్తరానికి పోతే, ఇంట్లో మిగిలేది మా అత్త. ఆమె నాకు సొంత మేనత్త, మా నాయనకు అక్క. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషే, పెళ్ళయ్యాక నా సంచి తడిమి చూసేది. నా ఒక్కదాని మీదే కాదు, ఆమెకు అందరి మీదా అనుమానమే. పాలవాడు నీళ్ళు కలిపితే తిట్టేది. కలపని రోజు, ఈరోజు ఎందుకు కలపలేదో అని రోజంతా ఆలోచించేది. నాకూ ఆ రక్తమే కాబట్టి ఆమెను చూసి నవ్వే హక్కు నాకు లేదు గానీ, నవ్వేదాన్ని.

రాళ్ళ పిచ్చి నాకు డిగ్రీలో పట్టింది. జియాలజీ క్లాసు వాళ్ళని ఒకసారి తాడిమర్రి అవతలికి తీసుకుపోయారు. ధర్మవరం దాటి తూర్పుగా పోయే కొద్దీ మన వైపు గుండ్రాళ్ళు తగ్గిపోతాయి. నేల రంగు మారుతుంది. బూడిద రంగు సున్నపురాయి పొరలు పొరలుగా, పలకలు పలకలుగా బయటపడుతుంది. అక్కడ ఒక రాయి మీద మా సారు నీళ్ళు పోశాడు. కోసిన క్యాబేజీలా చుట్లు చుట్లుగా గీతలు తేలాయి. ఒకప్పుడు ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేదనీ, ఆ నీళ్ళలో పెరిగిన పాచి మీద బురద పేరుకుని, దాని మీద మళ్ళీ పాచి పెరిగి, మళ్ళీ బురద పేరుకుని ఇలా రాయైందనీ చెప్పాడు. చేప లేదు, పురుగు లేదు, ఆకు లేదు, ఏమీ పుట్టకముందటి పాచి. స్ట్రోమటోలైట్ అంటారు దాన్ని. మిగతా పిల్లలు బస్సెక్కి అంత్యాక్షరి మొదలుపెట్టారు. నేను కిటికీలోంచి వెనక్కే చూస్తూ కూర్చున్నాను.

ఉద్యోగం వచ్చాక నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం ఆ వైపు పోయేదాన్ని. మా ఆయన ఏమీ అనేవాడు కాదు. అత్తే ఊరుకోలేదు.

"ఏమ్మే, యాడికి పోతాండావు ఆదివారం పూట?"

"రాళ్ళ కోసం అత్తా."

"రాళ్ళా? కొండంతా రాళ్ళే నెత్తిన పెట్టుకోని, రాళ్ళ కోసం రైలెక్కి పోతాండావా? నమ్మేకి నేనేమన్నా పిచ్చిదాన్నా?"

ఇవి వేరే రాళ్ళు, అవి వేరే రాళ్ళు అని చెప్పబోయాను. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. ఆ ఆదివారం మొదలు, నేను ఎక్కడికి పోతే అక్కడికి అత్త నా వెనకాలే. చేతిలో గొడుగు, నడుముకు వక్కాకు సంచి. నేను రాయి పగలగొడితే ఆమె ముందుగా తీసి చూసేది. ఒకసారి అద్దంలా తేటగా ఉండే కాల్సైటు ముక్క దొరికింది. దాన్ని బస్సు టికెట్టు మీద పెట్టి చూపించాను. దాని కింద ఒక్కో అంకె రెండుగా కనిపిస్తుంది. అత్త టికెట్టు తిప్పింది, రాయి తిప్పింది, నన్ను చూసింది.

"ఒగటిని రెండు చేస్తాదే ఇది! దుడ్ల మీద పెడితే?"

"చూసేకి రెండు అత్తా, ఉండేది ఒగటే."

"అట్లయితే ఏంటికి పనికొస్తాది?" అని నా సంచిలో పడేసింది. కానీ ఆమెకు నమ్మకం కుదరలేదని నాకు తెలుస్తూనే ఉంది. పనికిరానిదాని కోసం చదువుకున్న ఆడమనిషి ఎండలో తిరగదు. ఇందులో ఏదో ఉంది. ఆమె లెక్క అది.

ఒక వేసవిలో చిత్రావతి వైపు ఒక పల్లెకు పోయాం. ఊరి పేరు చెప్పను, వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. దాహమై ఒక ఇంటి ముందు నిలబడితే, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, చేతికి పెళ్ళిగాజులు ఇంకా తీయలేదు, లోపలికి రమ్మని పెరట్లో తొట్టి దగ్గర చెంబు అందించింది. ఇంట్లోవాళ్ళంతా చేనికి పోయారట. నీళ్ళు తాగుతూ కిందికి చూశాను. తొట్టి పక్కన బట్టలుతికే బండ. ఉతికి ఉతికి అరిగి నున్నగా ఉంది, ఇంకా తడి ఆరలేదు. దాని మీద చుట్లు, ఒకదానిలో ఒకటి, అంచు దాకా. మా సారు చూపించిన రాయి దీని ముందు ఏమూలకు? నా చేతిలో చెంబు జారి పడింది.

"ఏమక్కా, ఏమాయె?" అంది ఆ పిల్ల.

నేను అప్పటికే బండ అంచున సుత్తితో గీకి, నిమ్మకాయ కోసి పిండుతున్నాను. గీకిన పొడి మీద సన్నగా బుడగలు లేచాయి.

"ఓయమ్మా, రాయి ఉడుకుతాంది!" అని ఆ పిల్ల పకపకా నవ్వింది. చెంబుతో తనే ఇంకిన్ని నీళ్ళు పోసింది. గీతలు నల్లగా, తెల్లగా తేలుతుంటే ఇద్దరం వంగి వేలితో చుట్లు దిద్దుకుంటూ కూర్చున్నాం. అత్త మాత్రం రాయిని చూడలేదు. నా మొహాన్ని చూస్తూ నిలబడింది.

అంతలో ఆ ఇంటి పెద్దామె, ఆ పిల్ల అత్త, చేనునుంచి వచ్చింది. ఆమెకు కనిపించింది ఇది: పెరట్లో ఇద్దరు కొత్త ఆడవాళ్ళు, ఒక సుత్తి, బండ మీద పిండిన నిమ్మచెక్కలు, నవ్వుతున్న కోడలు. ఆమె మొహంలో రంగు మారింది. నేను గబగబా చెప్పుకొచ్చాను, పాచి, సముద్రం, బడి పిల్లలకు చూపించడం. అంతటితో నేను ఊరుకుని ఉంటే సరిపోయేది. నా నోరు ఊరుకుంటుందా?

"ఈ బండ నాకియ్యమ్మా. దీనికి బదులు పెనుకొండ నుంచి గ్రానైటు బండ, కొత్తది, చక్కగా చెక్కించి మీ పెరట్లో వేయిస్తా. బట్టలుతికేకి అదే బాగుంటాది" అన్నాను.

మంచి మాటే అన్నాననుకున్నాను. పాత బండకు కొత్త బండ ఇస్తానని ఇంటికొచ్చి బతిమాలే మనిషిని మీరైనా నమ్ముతారా? పెద్దామె కళ్ళు నా మీద నుంచి బండ మీదికి, బండ మీద నుంచి దాని కింది మట్టికి పోయాయి.

"ఇంటాయన్ని అడగల్ల. వచ్చే నెల రాండి" అంది.

బస్సులో అత్త నా సంచి తన ఒళ్ళోకి లాక్కుని తడిమి చూసింది. నేను సంతోషంలో ఉండి అదీ పట్టించుకోలేదు.

తరువాతి నెల మళ్ళీ పోయాం. వాకిట్లో పలకరించే దిక్కు లేదు. పెరట్లోకి పోతే బండ మూడు ముక్కలై గోడవారన పడుంది. అది ఉండిన చోట మనిషిలోతు గుంత. తొట్టి ఒక పక్కకు ఒరిగిపోయింది. ఆ పిల్ల ఎక్కడ అని అడిగే లోపల పెద్దామె లోపలినుంచి వచ్చి పడింది.

"యాడ పెట్టినావు? చెప్పు! మేం తవ్వే పాటికి ఏమీ లేదు. కుండ గుర్తు మాత్రం ఉండాది! నువ్వూ మా ఇంటి దొంగముండా కలిసి తీసినారు!"

బండ ఎత్తినప్పుడు కింది మట్టిలో గుండ్రంగా, లోతుగా, నున్నగా ఒక అచ్చు కనిపించిందట. అది కుండ అడుగేనని ఊరంతా వచ్చి చూసి తేల్చింది. అలాంటి రాళ్ళ నెత్తి గుమ్మటంలా ఉంటుంది, దీన్ని తిరగేసి వేశారు, ఆ గుమ్మటం అచ్చే మట్టిలో పడింది. విరిగిన ముక్కలు తెచ్చి కలిపి, తిప్పి, చూపించాను. ఎవరు వింటారు? గుంతలో ఏదైనా దొరికి ఉంటే నేను నిర్దోషిని. ఏమీ దొరకలేదు కాబట్టి దొంగను. మేం మొదటిసారి వచ్చిపోయాక, వాళ్ళు చేనికి పోయిన ఏదో ఒక పగలు నేను మళ్ళీ వచ్చాననీ, కోడలు తలుపు తీసిందనీ, ఇద్దరం పంచుకున్నామనీ వాళ్ళకు రూఢి అయిపోయింది. ఆ పిల్లను బట్టల మూటతో కనగానపల్లి దగ్గర పుట్టింటికి పంపేశారు. నిజం ఒప్పుకుని వాటా తెచ్చేదాకా గడప తొక్కొద్దన్నారట.

నాకు ఒళ్ళు మండిపోయింది. గొంతు చించుకుని అరిచాను. జనం పోగయ్యారు. ఊరి పెద్ద ఒకాయన వచ్చి అందరినీ చౌడమ్మ గుడి ముందుకు నడిపించాడు.

"మాటలతో తెగేది కాదమ్మా ఇది. చౌడమ్మ ముందర కర్పూరం ఆర్పి, తీయలేదని ప్రమాణం చెయ్యి. నువ్వు తీయలేదంటే ఆ పిల్లా తీయనట్టే. రేపే పోయి పిలుచుకొస్తారు. ఏమబ్బా, అంతే కదా?" అన్నాడు. ఆ పిల్ల మొగుడు తల దించుకునే తలూపాడు.

మా వైపు వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ఒట్టు వేస్తే దానికి మించిన సాక్ష్యం లేదు. అబద్ధమాడి ఆర్పితే ఏది పోతుందని చెప్పి ఆర్పుతారో అది పోతుంది. నేను సైన్సు టీచర్ని. అందులోనూ నాకు కోపమొచ్చి ఉంది.

"నేను ఏంటికి ఆర్పల్ల? లేని కుండను తీయలేదని ఒట్టెయ్యాల్నా? ఆడ కుండ ఉండిందని ముందు వాళ్ళను చూపించమను!" అన్నాను.

జనంలో గుసగుస బయల్దేరింది. ఆర్పనంటోందంటే తీసిందన్న మాటే. ఊరి పెద్ద నా వైపు చూసే చూపు కూడా మారింది. అప్పుడు అత్త గొడుగు నా చేతికిచ్చింది.

"చిన్నపిల్ల, దానికేం తెలుసప్పా. ఇంటికి పెద్దదాన్ని నేనుండా. నేను ఆర్పుతా."

వద్దత్తా అని చెయ్యి పట్టుకున్నాను. విదిలించింది. కర్పూరం బిళ్ళలు గుప్పెడు కుప్ప పోసి వెలిగించారు. అత్త చెంగు బిగించుకుని దాని ముందు నిలబడి, ఊరంతా వినేట్టు అంది.

"మా కోడలు ఆ బండ కింద ఏమీ తీయలేదు. తీసింటే నా రెండు కండ్లూ పోవల్ల!"

అరచెయ్యి మంట మీద కొట్టింది. మంట ఆరిపోయి పొగ లేచింది. తరువాత పెద్దామె వచ్చి అత్త కాళ్ళకు దండం పెట్టింది. అత్త చెయ్యి బొబ్బలెక్కి ఉంది. అందరినీ వెంటబెట్టుకుని మళ్ళీ ఆ పెరట్లోకి పోయి, ఆ చెయ్యితోనే గోడవార పడున్న బండ ముక్కల్లో చిన్నదాన్ని చూపించి, "ఇది తీసుకుంటే ఒట్టు తప్పినట్టు కాదు కదా?" అని అందరి ముందూ అడిగి, ఒళ్ళో వేసుకుంది.

తిరుగు బస్సులో ఆమె చేతికి చల్లనీళ్ళలో తడిపిన రుమాలు చుడుతూ ఏడ్చాను. నన్ను ఇంత నమ్మిన మనిషిని ఇన్నాళ్ళూ అనుమానపు మనిషని నవ్వానే అని. ఊళ్ళు రెండు దాటాక అత్త కండక్టరు వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"ఇప్పుడన్నా చెప్పు. యాడ పెట్టినావు?"

నేను రుమాలు వదిలేశాను. "అత్తా! నువ్వు కూడానా? మరి ఆర్పినావు కదా!"

"ఆ పిల్ల సంసారం నిలబడల్ల. ఆర్పినా. నాకు కండ్లుండాయి కదే. నిమ్మకాయ పిండితే నీ మొగం యెట్ల యెలిగిపోయింది! రాయిని చూసి ఎవురన్నా అట్ల నవ్వుతారా?"

నేను రాయిని చూసే నవ్వాను. అది చెబితే నమ్మే మనిషి భూమ్మీద ఒక్కరూ లేరని ఆరోజు తెలిసింది. ఆ తరువాత చాలా రోజులు ముక్తసరిగానే మాట్లాడాను.

ఆ కోడలు పిల్ల మరుసటి ఏడు ధర్మవరం బస్టాండులో కనిపించింది, చంకలో బిడ్డతో. నన్ను చూసి పరిగెత్తుకొచ్చింది. ఆమె అడిగిన మొదటి మాట, "ఆ అవ్వ బాగుండాదా అక్కా? కండ్లు బాగుండాయా?" బాగున్నాయని చెబితే చెంగుతో మొహం తుడుచుకుంది. ఈ పిల్ల కూడా నన్ను కొంచెం అనుమానిస్తూనే ఉందని నాకు అనిపించింది. అడగలేదు.

ఇంట్లో మాత్రం అనుమానం అలాగే కాపురం చేసింది. నేను పెట్టె తాళానికి దారప్పోగు చుట్టి బడికి పోయేదాన్ని. సాయంత్రానికి పోగు ఉండేది కాదు. మేం బ్యాంకు లోను పెట్టి ఇల్లు కట్టుకుంటే, అత్త గోడలు చూసి, "లోనంట, లోను" అని తనలో తను గొణుక్కునేది. నేను కొత్త కమ్మలు కొనుక్కుంటే దగ్గరికి పిలిచి, పాత బంగారమా కొత్తదా అని వెలుతురులో పట్టి చూసేది. కానీ ఒక్కసారైనా నా వాటా ఏదని అడగలేదు, మా ఆయనకు చెప్పలేదు. తెచ్చిన బండ ముక్కను ఊరగాయ జాడీ మూత మీద బరువుగా పెట్టింది.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకు ఆమె మూతను జాడీ మీద కాక దాని పక్కన గాలిలో పెట్టడం మొదలైంది. టీ గ్లాసు అందిస్తే గాలిలో తడిమేది. దీపం చుట్టూ ముళ్ళు కనిపిస్తున్నాయంది. "నీ రాయిలో మాదిరి అన్నీ రెండు రెండుగా ఉండాయి" అంది. శుక్లాలు, చిన్న ఆపరేషన్, పోదాం రా అంటే ససేమిరా. బతిమాలాం, తిట్టాం. మా ఆయన అలిగి ఒక పూట అన్నం మానేశాడు. ఊహూ.

ఒక మధ్యాహ్నం నాకు సహనం పోయింది. "నీకు ఏం రోగం? కండ్లు పోగొట్టుకోని మమ్మల్ని సాధించల్లనా?" అని గట్టిగా కసురుకున్నాను.

అత్త కోప్పడలేదు. నా గొంతు వచ్చిన వైపు మొహం తిప్పి, చాలా మామూలుగా అంది.

"ఒట్టు పట్టుకున్నాది లేమ్మే. దానికి ఆపరేషన్ ఏమి చేస్తాది? నాకేం బాధ లేదు. తెలిసే కదా ఆర్పినా."

నేను చేతిలో చేట కింద పెట్టేశాను. ఇన్నేళ్ళూ ఆమె ఎదురు చూస్తోంది. నేను దొంగనని నమ్మి, ఆ దొంగతనానికి తన కళ్ళు పోతాయని నమ్మి, పొద్దున్నే లేచి నాకు రైలు టైముకు రాగిసంకటి గెలికి క్యారియరు కట్టి పంపింది. ఒక్క మాట పడనివ్వలేదు. నాకు దుఃఖమూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు బయటికి రావాలో తెలియక వంటింట్లోకి పోయి గిన్నెలన్నీ కింద పడేశాను.

మరుసటి వారం మేం ఆమె మాట వినలేదు. నేనూ మా ఆయనా చెరో రెక్కా పట్టుకుని రైలెక్కించి హిందూపురంలో కంటి ఆసుపత్రికి తీసుకుపోయాం. దారంతా తిట్టింది. చౌడమ్మతో జగడమా అంది. ఆపరేషన్ అయ్యాక కూడా గోడ వైపు తిరిగి పడుకుంది.

పొద్దున నర్సు వచ్చి కట్టు విప్పింది. అత్త మంచం మీద కూర్చుని కన్ను తెరిచింది. ఎదురుగోడ మీద క్యాలెండరు చూసింది. తన అరచేతిలో పాత మచ్చ చూసుకుంది. చివరికి నా మొహం చూసింది, అలాగే చూస్తూ ఉండిపోయింది.

"నువ్వు తీయలేదు" అంది.

"అదే కదత్తా ఇన్నేండ్లూ మొత్తుకున్నా!"

"నువ్వు చెప్తే ఏమొస్తాదే? ఆయమ్మ చెప్పల్ల" అని, నర్సు ముందరే నా తల లాగి ఒళ్ళో పెట్టుకుంది. నేను అంత పెద్దదాన్ని అయ్యుండి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె చెయ్యి నా వీపు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

ఇంటికి పోయే ప్యాసింజరులో కిటికీ పక్కన నల్లద్దాలు పెట్టుకుని కూర్చుంది. వచ్చిపోయే స్టేషన్లు చూసింది, వేరుశనక్కాయలమ్మే వాడి తూకం చూసింది, వాడు మోసం చేస్తున్నాడని నాతో చెప్పింది. పెనుకొండ కొండ దూరంగా కనిపించేసరికి నా మోచెయ్యి పొడిచింది.

"అట్లయితే ఆ కుండ ఎవురు ఎత్తకపోయింటారే?"

నేను నవ్వబోయి ఏడ్చాను. ఆమెకు కనబడకుండా మొహం పక్కకు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాను. ఎక్కడ కనబడకుండా? ఇప్పుడు ఆమెకు అన్నీ కనిపిస్తున్నాయి కదా.

నల్లద్దాలు ముక్కు మీదికి దించి, నా మొహంలోకి వంగి చూసింది అత్త.

"ఏంటికే ఏడుస్తాండావు? ఎవురో నీకు తెలుసునా ఏమి?"